ఇంట్లో ఎవరూ పిలవని పేరు

మీరిప్పుడు ఫోన్ ఎదురుగా ముఖం పెట్టి, అది చెప్పినప్పుడు రెండుసార్లు కళ్లార్పితే బ్యాంకు ఖాతా తెరుచుకుంటోంది. మా మనవరాలు నా ఎదురుగానే, కుడి చేత్తో అన్నం తింటూ ఎడమ చేత్తో ఆ పని ముగించింది. "నువ్వు నువ్వేనని వాళ్లకెట్లా తెలిసింది?" అని అడిగాను. "తెలుస్తది అమ్మమ్మా, దానికి తెలుస్తది" అంది. అంతకంటే వివరం ఆమె దగ్గర లేదు. నా దగ్గర కొంత ఉంది. కాని అది ఆమె అన్నం ముగించే లోపల చెప్పగలిగేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బ్యాంకులో చేరిన రోజు, రిటైరైన రోజు, జరిగిన బదిలీలు అన్నీ నాకు తేదీలతో సహా గుర్తున్నాయి. ఈ సంగతి జరిగింది 1994 ఫిబ్రవరిలో, నేను బోధన్‌లో పనిచేస్తున్నప్పుడు. ఎవరి పేరూ రాయను. ఖాతాదారు సంగతి బయటపెట్టకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి పాఠం. పింఛను మొదలైనంత మాత్రాన అది రద్దు కాదు.

నిజామాబాద్ నుంచి రోజూ పొద్దున బస్సులో బోధన్‌కు వెళ్లేదాన్ని. ఫిబ్రవరి అంటే చక్కెర ఫ్యాక్టరీ ఆడుతున్న కాలం. చెరుకు బండ్లు రోడ్డు పొడవునా బారు తీరి ఉండేవి. ఊరు దగ్గరపడుతుంటే బస్సులోకి చక్కెర తీయగా మిగిలిన మడ్డి వాసన వచ్చేది. ఆ వాసన రాగానే నేను సంచిలోంచి పెన్ను తీసి, సిరా ఉందో లేదో చూసుకునేదాన్ని. బండ్లు అడ్డం పడితే ఆలస్యమయ్యేది. ఆలస్యమైతే రిజిస్టరులో ఎర్ర గీత పడేది. అందుకని అవసరమైనదానికంటే ఒక బస్సు ముందే ఎక్కడం అలవాటు చేసుకున్నాను.

ఆ బ్రాంచిలో నా బల్లకు "మస్కట్ బల్ల" అని పేరు. మోర్తాడ్ వైపు నుంచీ, ఏర్గట్ల వైపు నుంచీ, బోధన్ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ గల్ఫ్‌కు వెళ్లిన మనుషులు అక్కడి నుంచే పోస్టులో దరఖాస్తు పంపి మా దగ్గర ఖాతా తెరిచేవారు. మనిషి అక్కడ, ఖాతా ఇక్కడ. ఆ మనిషి నిజంగా ఆ మనిషేనా అని తేల్చడం నా పని. పాస్‌పోర్టు నకలు మీదా, సంతకం మీదా అక్కడి అధికారి ముద్ర ఉండాలి. మా బ్యాంకులో ఇప్పటికే ఖాతా ఉన్న ఒకరు "ఇతను నాకు తెలుసు" అని సంతకం పెట్టాలి. ఈ రెండూ అన్ని బ్రాంచీల్లోనూ ఉన్నవే. మా బ్రాంచిలో మూడోది ఒకటి ఉండేది. దరఖాస్తుదారు పేరు మీద అతని ఇంటి చిరునామాకు ఒక రిజిస్టర్ ఉత్తరం పంపేవాళ్లం. ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు సంతకం పెట్టో, వేలిముద్ర వేసో తీసుకుంటే, ఆ రసీదు కార్డు మా దగ్గరకు తిరిగి వచ్చేది. అంటే ఆ ఊరూ ఉంది, ఆ ఇల్లూ ఉంది, ఆ పేరూ ఉంది. ఈ పద్ధతి మీద నాకు చాలా నమ్మకం. కాగితం మీద ఎవరైనా ఏదైనా రాయగలరు గాని, ఇంటి గడప అబద్ధం చెప్పదని నా లెక్క.

ఆ దరఖాస్తు ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చింది. బోధన్ అవతల, మంజీర వైపున్న ఒక ఊరి మనిషి. వయసు ముప్ఫై దాటింది. మస్కట్ దగ్గర రోడ్లు వేసే కంపెనీలో మేస్త్రీ. ముద్రలన్నీ సరిగ్గా ఉన్నాయి. పరిచయం చేస్తూ సంతకం పెట్టినవాడు అదే క్యాంపులో పనిచేసే పక్క ఊరి మనిషి, మా పాత ఖాతాదారు. ఖాతా మొదలుపెట్టడానికి చిన్న డ్రాఫ్టు కూడా జతచేశాడు. దానితో పాటు తెలుగులో ఒక ఉత్తరం. అక్షరాలు పెద్దపెద్దగా, ఒకదానికొకటి తగలకుండా రాశాడు.

అందులో సారాంశం ఇది. కంపెనీ పని అయిపోయింది. ఈ నెలాఖరుకు అందరికీ లెక్క తేల్చి పంపేస్తారు. ఎవరి పేరు మీద బ్యాంకు ఖాతా ఉంటే వాళ్ల డబ్బు ఆ ఖాతాకు పంపుతారు. ఖాతా లేనివాళ్ల డబ్బు వాళ్లను తీసుకొచ్చిన ఏజెంటు చేతికి ఇస్తారు. "ఏజెంటు చేతికి పోతే మూడేండ్ల కష్టంలో మాకు మిగిలేది విమానం టికెట్టు మాత్రమే. దయచేసి ఖాతా నంబరు ఇరవై ఎనిమిదో తేదీ లోపల తంతి ద్వారా తెలుపగలరు. మా ఇంట్లో ఆడవాళ్లకు ఈ సంగతులు తెలియవు. వాళ్లను తిప్పకండి" అని రాశాడు.

"వాళ్లను తిప్పకండి" అన్న మాట నాకు నచ్చింది. ఆ రోజే రిజిస్టర్ ఉత్తరం పంపాను.

ఇరవై నాలుగో తేదీ, గురువారం, ఆ ఉత్తరం విప్పకుండానే తిరిగి వచ్చింది. కవరు మీద పోస్ట్‌మన్ రాసిన వాక్యం ఎర్ర సిరాలో ఉంది: "చిరునామాదారు మరణించినట్లు ఇంటివారు తెలిపినందున తిరిగి పంపడమైనది."

ఆ కవరు బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. గల్ఫ్ చావులు మాకు కొత్త కాదు. ఉత్తరం రాసి పోస్టు చేసిన మనిషి, ఆ ఉత్తరం మాకు చేరేలోపల పోయిన సందర్భం అంతకు ముందు ఒకటి చూశాను. మరి ఇతనూ అంతేనా? లేక ఎప్పుడో చనిపోయిన మనిషి పేరుతో ఇంకెవరో ఖాతా తెరవబోతున్నారా? రెండూ భయపెట్టేవే. మొదటిది నిజమైతే ఒక ఇల్లు కూలింది. రెండోది నిజమైతే నేను కొద్దిలో తప్పించుకున్నాను.

కవరు మేనేజరు గారి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయనది గోదావరి వైపు. మా బ్రాంచికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. మంచి మనిషే గాని సంతకం పెట్టేముందు పెన్ను మూత మూడుసార్లు తీసి పెట్టేవారు. అంతకు ముందు పనిచేసిన చోట చనిపోయినవాడి పేరు మీద ఖాతా తెరిచిన కేసులో ఆయన పక్క సీటు మనిషి సస్పెండయ్యాడు. ఆ భయం ఆయనతో పాటు బదిలీ అయి వచ్చింది.

"చూశారాండీ! పరిచయం చేసినవాడూ అక్కడే, పరిచయమైనవాడూ అక్కడే. ఇక్కడేమో మనిషే లేడంటున్నారు. దరఖాస్తు తిప్పి పంపించి హెడ్డాఫీసుకి ఒక ముక్క రాసేద్దాం" అన్నారు.

"శనివారం వరకు ఆగండి సార్. ఆ ఊరికి మనిషిని పంపి కనుక్కుంటాను" అన్నాను.

"శనివారం పన్నెండింటికి బ్యాంకు మూసేస్తాం. నేను హైదరాబాద్ బస్సెక్కాలి. సోమవారం ఇరవై ఎనిమిది. ఆ రోజు తంతి ఇచ్చినా అది అందేసరికి వాళ్లు లెక్కలు తేల్చేస్తారు" అన్నారు ఆయన. తేదీలు నాకంటే బాగా చూసుకునే మనిషి దొరకడం అదే మొదటిసారి.

మనిషిని పంపడమంటే మా అటెండరుకు చెప్పడం. అతనికి ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తెలుసు. తెలియనిదల్లా ఒకటే, చెప్పిన మాట చెప్పినంతే మోసుకుపోవడం. "ఫలానా ఇంటివాళ్లను శనివారం బ్యాంకుకు రమ్మని కబురు పంపు. కారణం చెప్పొద్దు" అన్నాను. అతను సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర ఆ ఊరి చెరుకు బండివాడికి కబురు చెప్పాడు. కారణం చెప్పొద్దు అన్నారని కూడా చెప్పాడు. ఇక బండివాడు ఊరుకుంటాడా? "ఎందుకో నాకు జెప్పు, ఎవలికీ చెప్ప" అన్నాడట. ఇతను చెప్పాడు. పేరు మాత్రం చెప్పలేదట. "మస్కట్ పోయిన మేస్త్రీ, ఆ ఇంటోళ్లు" అన్నాడట. ఆ ఊరి నుంచి మస్కట్ పోయిన మేస్త్రీ ఒక్కడే.

శనివారం నేను బస్సు దిగి వచ్చేసరికి బ్యాంకు తాళం ఇంకా తీయలేదు. మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకామెకు అరవై దాటి ఉంటాయి, ఒళ్లో బట్ట మూట. ఇంకొకామె వయసులో చిన్నది. ఆమె వేలి కొసలు బీడీ తంబాకుతో పసుపెక్కి ఉన్నాయి. కళ్లు వాచి ఉన్నాయి. నన్ను చూసి లేచింది.

"మేడం, మస్కట్ కాయితాలు సూసేది నువ్వేనా?"

"నేనేనమ్మా. మీరు?"

"గా కాయితం మాదే. ఈమె మా అత్త. ఆయన గురించి ఏం రాసిండ్రో ఉన్నదున్నట్టు సదువు. నాకు సదువు రాదని మలిపి చెప్పకు. దండం పెడ్త."

"ఏ కాగితమమ్మా?"

"ఆయన సచ్చిపోయిండని రాసిన కాయితం. ఊరంత అంటున్నరు, బ్యాంకుల రాసి ఉన్నదని. నిన్నటి సంది ఇంటి ముంగట జనం. నేను మట్టుకు గాజులు తియ్యలే. మేడం నోట ఇన్నంక సూద్దామని అచ్చిన."

అటెండరు తాళాల గుత్తితో వచ్చి, వాళ్లను చూసి, నా ముఖం చూసి, తాళం తీయడం మర్చిపోయి నిలబడ్డాడు. వాళ్లను లోపలికి తీసుకెళ్లి నా బల్ల ముందు కూర్చోబెట్టాను. సొరుగులో రెండు కాగితాలున్నాయి. ఒకటి పెద్దపెద్ద అక్షరాల ఉత్తరం, ఇంకొకటి ఎర్ర సిరా కవరు. ఏది ముందు తీయాలో నాకు తెలియలేదు. కబురు బ్యాంకు నుంచి ఊరికి చేరింది, నిజమే. కాని బ్యాంకుకు ఎక్కడి నుంచి వచ్చింది?

"అమ్మా, మాకు ఏ తంతీ రాలేదు, మస్కట్ నుంచి ఏ కబురూ లేదు. మాకు చెప్పింది మీ ఊరే" అన్నాను.

ముసలామె అప్పటిదాకా ఒళ్లోని మూట వైపే చూస్తోంది. ఇప్పుడు తలెత్తింది. "మా ఊళ్లె ఎవలు జెప్పిండ్రు?"

"మీ ఇంట్లోనే చెప్పారట అవ్వా. పోస్ట్‌మన్ రాసుకొచ్చాడు." కవరు తీసి చూపించాను. "ఈ నెలలో మీ ఇంటికి ఒక రిజిస్టర్ ఉత్తరం వచ్చింది. పోస్ట్‌మన్‌తో ఎవరు మాట్లాడారు?"

"నేనే మాట్లాడిన. ఇదేమో చుట్టిన బీడీలు అప్పజెప్ప పోయింది. రోజొచ్చే పోస్టాయన కాదు, కొత్త పిలగాడు. ఒక పేరు జెప్పి, ఉన్నడా అన్నడు. గది మా మామ పేరు బిడ్డా. ఆయన కాలం జేసి పన్నెండేండ్లాయె, ఇప్పుడు ఉత్తరమేందన్న. గంతే."

కోడలు మెల్లగా అత్త వైపు తిరిగింది.

"అత్తా. ఆయన పేరు గూడ గదేనాయె."

"గదే అని నాకు తెల్వదా? పెట్టిపిచ్చింది నేనే. పిలిచిన్నా ఎన్నడన్న?"

మీలో చిన్నవాళ్లకు ఇక్కడ కొంత చెప్పాలి. మా వైపు ఇళ్లలో కోడలు మామ పేరు నోటితో అనేది కాదు. భార్య భర్త పేరు అనేది కాదు. అంటే వాళ్లకు ఆయుష్షు తగ్గుతుందని భయం. భయం లేనివాళ్లకు కనీసం సిగ్గు. మరి ఆ మామ పేరే మొదటి కొడుక్కి పెట్టుకుంటే? తొట్టెలో వేసిన రోజు మేనత్త ఆ పేరు బిడ్డ చెవిలో చెబుతుంది. తరువాత బడిలో రాస్తారు. తల్లి మాత్రం జన్మలో ఆ పేరుతో పిలవదు. ఈమె కొడుకును "పెద్దోడా" అంది. తల్లి ఏమంటే ఇల్లూ అదే అంటుంది, ఇల్లు ఏమంటే ఊరూ అదే అంటుంది. ముప్ఫై ఏళ్లలో ఆ ఇంట్లో ఆ అసలు పేరు వినబడింది ముసలాయన గురించి మాత్రమే. ఇక పోస్ట్‌మన్ వచ్చి ఆ పేరుతో ఉన్నాడా అని అడిగితే, ఉన్నాడని ఎవరంటారు?

కోడలు కూర్చున్న చోటి నుంచి జారి నేల మీద కూలబడి ఏడ్చింది. తరువాత అదే ఏడుపులో తిట్టడం మొదలుపెట్టింది. "నిన్నటి సంది పొయ్యి ముట్టియ్యలే, నీ మామ పానం మీద! ఊరంత అచ్చి నా మొకం సూసి పోయిండ్రు. పక్కింటామె నా బీడీల చాట సుత జరిపి పెట్టింది, ఇగ నువ్వు చుట్టవు గదా అని."

"నా మామనేమనకు" అంది అత్త. కాని కోడలి తల మీద చెయ్యి వేసి తీయలేదు.

నేను గడియారం చూశాను. పది ముప్పావు. పన్నెండు లోపల మేనేజరు గారి సంతకం కావాలి. ఇద్దరినీ ఆయన గదిలోకి తీసుకెళ్లి జరిగింది చెప్పాను. ఆయన మొత్తం విని, పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టారు.

"బాగానే ఉందండి. ఏదైనా ఆధారం ఉందా?"

ముసలామె మూట విప్పింది. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెచ్చింది. భూమి పట్టా పుస్తకం, ఇంటి పన్ను రసీదులు, ఫ్యాక్టరీకి చెరుకు తోలిన పాత చిట్టీలు, రేషన్ కార్డు. ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. అన్నిటి మీదా ఆ పేరే, ఇంటిపేరుతో సహా. అన్నీ ముసలాయనవే. ఒక్క రేషన్ కార్డు మీదనే యజమాని వయసు రాసి ఉంది, డెబ్బై ఒకటి. ఈ అవ్వ ఇంకో కాగితం తీయకపోతే బాగుండు అనుకున్నాను.

"ఇవన్నీ పోయినాయనవి కదండీ! నా భయమే ఇది. పెద్దాయన కాగితాలు అడ్డం పెట్టుకుని పాస్‌పోర్టు తీయించుకున్నాడేమో ఎలా తెలుస్తుంది?" అన్నారు మేనేజరు గారు.

దరఖాస్తు మీది ఫోటో చూపించాను. "ఎవరవ్వా ఇతను?"

"మా పెద్దోడు" అంది తల్లి. కోడలు ఫోటోను తాకి, వేలు కళ్లకద్దుకుంది.

"మంచిది. మీ పెద్దోడి పేరేంటమ్మా?" అన్నారు ఆయన.

అత్త బల్ల మీది కాగితాలు ఒక్కొక్కటే తిరిగి మూటలో సర్దడం మొదలుపెట్టింది.

"పేరు చెప్పండమ్మా. భర్త పేరేంటి?" అన్నారు కోడలితో. ఆమె నా వైపు చూసింది. "నువ్వే సదువు మేడం. నేను అవునంట."

అలా చేస్తే పని రెండు నిమిషాల్లో అయిపోయేది. ఆస్పత్రుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో అందరూ చేసేది అదే. కాని వాంగ్మూలం కింద "నా ఎదుట స్వయంగా చెప్పినది" అని రాసి సంతకం పెట్టాల్సింది నేను. నేను పేరు చదివి ఆమె తల ఊపితే, అది ఆమె చెప్పినట్టు కాదు, నేను చెప్పినట్టు. ఆ మాటే ఆమెకు చెప్పాను. నా నోటికి అది బరువుగానే తోచింది.

అటెండరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. గురువారం చేసిన నష్టం ఎలాగైనా పూడ్చాలని అతని తహతహ. "సార్, ఆడోళ్లు మొగని పేరు జెప్పరు సార్. నేను జెప్త, ఆమె ఊ అంటది."

"నీకెలా తెలుసయ్యా పేరు? దరఖాస్తు మీద చూశావు కాబట్టి. అది ఆధారమా?" అన్నారు మేనేజరు గారు.

కోడలు ఇంకో దారి పట్టింది. ఆ పేరు ఏ దేవుడిదో, ఆ దేవుడికి ఏ వారం ఉపవాసముంటారో, ఏ పువ్వు పెడతారో చెప్పింది. అది ఇక్కడ రాస్తే మీరు పేరు కనిపెట్టేస్తారు కాబట్టి రాయను. మేనేజరు గారు కనిపెట్టారు కూడా. కాని తల అడ్డంగా ఊపారు. "ఆ దేవుడికి పది పేర్లున్నాయమ్మా. ఇందులో ఏదో నువ్వే చెప్పాలి. లేకపోతే నేను సంతకం పెట్టలేను. నాకూ పిల్లలున్నారు." ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే భయపడుతున్నారు.

"ఇంతకన్న ముందైతే చెప్పేదాన్నేమో సారూ. నిన్న పోయిండన్నరు, ఇయ్యాల ఉన్నడన్నరు. గిప్పుడు ఆయన పేరు నా నోట తియ్యమంటె ఎట్ల? మల్ల ఏమన్న అయితె?" అంది కోడలు. రెండు చేతులతో నోరు మూసుకుంది.

పదకొండున్నర దాటింది. మస్కట్‌లో ఒక మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో, తంతి వచ్చిందా అని ఎన్నిసార్లు అడిగి ఉంటాడో అనుకున్నాను. "మా ఇంట్లో ఆడవాళ్లను తిప్పకండి" అని రాసిన మనిషి. నా నమ్మకమైన రిజిస్టర్ ఉత్తరం వాళ్లను ఎక్కడిదాకా తిప్పిందో నా కళ్లముందే ఉంది.

అప్పుడు ముసలామె లేచింది.

"నువ్వనకు బిడ్డా. నీ నోట రావొద్దు. నేనంట" అంది కోడలితో. "నాకు మామ లేడు, మొగడు లేడు. ఇంకెవల ఆయుష్షు తగ్గాలె? సారూ, నువ్వట్ల మొకం తిప్పు. ఓ తమ్మీ, నువ్వు అవుతల నిలబడు."

అటెండరు బయటికి పోయాడు. మేనేజరు గారు నిజంగానే కుర్చీ తిప్పి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆమె కొంగు తల మీదుగా నుదుటి దాకా లాక్కుంది. కళ్లు మూసుకుని, గోడకు దండం పెట్టింది. "మామా, తప్పు కాయి" అంది. ఆ తరువాత పేరు చెప్పింది. ఇంటిపేరుతో మొదలుపెట్టి, చివర "గారు" చేర్చి, తల వంచి, పక్కనే ఉన్న కోడలికి కూడా వినపడనంత మెల్లగా చెప్పింది.

"వినపడలేదండీ" అన్నారు మేనేజరు గారు కిటికీ వైపు నుంచే.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. నిజానికి ఆయనకు వినపడలేదు. నాకే సగం వినపడింది.

ముసలామె కళ్లు తెరిచింది. తరువాత బల్ల మీద ఉన్న దరఖాస్తు వైపు చూసింది. వంగి, ఫోటోను దగ్గరికి లాక్కుంది. ఈసారి కొంగు జారినా సర్దుకోలేదు. ఫోటోనే చూస్తూ ఆ పేరు చెప్పింది. ఇంటిపేరు లేదు, గారు లేదు. గట్టిగా, పొలంలో ఉన్నవాణ్ణి అన్నానికి పిలిచినట్టు. హాల్లో డబ్బు లెక్కపెడుతున్న క్యాషియరు లెక్క ఆపి తలెత్తడం అద్దంలోంచి కనిపించింది.

"నా కొడుకు. నేనే కన్న. రాసుకో" అంది.

నేను రాసుకున్నాను. వేలిముద్ర వేయించుకున్నాను. "నా ఎదుట స్వయంగా చెప్పినది" అని రాసి సంతకం పెట్టాను. మేనేజరు గారు కుర్చీ ఇటు తిప్పారు. ఈసారి పెన్ను మూత ఒక్కసారే తీశారు. సంతకం పెట్టాక, ఎవరితోనో తెలియకుండా అన్నారు: "మా అమ్మ కూడా అంతేనండి. పోస్టాఫీసులో నాన్నగారి పేరు అడిగితే నన్ను ముందుకి తోసేది."

తంతి మాటలు ఆయనే రాశారు. ఎక్కువైతే ఖర్చని నాలుగు మాటలు కొట్టేశారు. ఖాతా నంబరు నేను రెండుసార్లు సరిచూశాను. అటెండరు దాన్ని పట్టుకుని తంతి ఆఫీసుకు పరుగెత్తాడు. "పైసలు నేనిస్త మేడం, నా నోటి తీటకు" అన్నాడు. బ్రాంచి ఖర్చులోంచే ఇప్పించి, రసీదు తెమ్మన్నాను.

వాళ్లిద్దరూ బస్సుకు వెళ్లిపోయారు. వెళుతూ కోడలు నన్నడిగింది, "తంతి అందుతదా మేడం?" అందుతుందన్నాను. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పడం నాకు అలవాటు లేదు. ఆ రోజు చెప్పాను.

దాని తరువాత పద్దెనిమిది రోజులు ఏ కబురూ లేదు. మస్కట్ నుంచి వచ్చిన ప్రతి కవరూ ముందు నేనే తీసుకునేదాన్ని. ఆ అక్షరాలు కావు. ఏజెంటు డబ్బు పట్టుకుపోయాడా? తంతి క్యాంపు ఆఫీసులో ఎవరి బల్ల మీదైనా పడి ఉందా? వారానికోసారి ఆ కోడలు బీడీలు అప్పజెప్పి బ్యాంకు మీదుగా వెళ్లేది. లోపలికి వచ్చేది కాదు. గేటు దగ్గర నిలబడి నా వైపు చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆమె వెళ్లిపోయేది. ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది ఆ తల ఊపడమే.

మార్చి పదహారో తేదీన డ్రాఫ్టు వచ్చింది. కంపెనీ నుంచి నేరుగా, ఆ పేరు మీద, ఒక్క అక్షరం తేడా లేకుండా. మొత్తం ఎంతో నాకు ఇప్పటికీ పైసలతో సహా గుర్తుంది. అది కూడా రాయను. ఆ వారం కోడలు గేటు దగ్గరికి వచ్చేసరికి నేనే బల్ల వదిలి బయటికి వెళ్లాను. ఆమె నా ముఖం చూసి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

ఏప్రిల్‌లో ఆ మనిషి స్వయంగా వచ్చాడు. ఫోటోలో కంటే నల్లగా, సన్నగా ఉన్నాడు. తల్లి కూడా వచ్చింది. హాల్లో ఫ్యాన్ కింద బెంచీ మీద, చెప్పులు విడిచి, కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. అతని సంతకం సరిచూసి, పాస్ పుస్తకం ఇచ్చాను. తీసుకున్నాడు గాని కదలలేదు. వెనక మనుషులు నిలబడ్డారు.

"ఇంకేమైనా ఉందా?" అన్నాను.

బల్ల మీదికి వంగి, తల్లికి వినపడకుండా అడిగాడు. "మేడం, ఊళ్లె అంటున్నరు... మా అవ్వ నా పేరు చెప్పిందట. నిజమేనా?"

"నిజమే. నా ఎదుటే చెప్పింది."

"నేనెన్నడూ ఇనలే మేడం. ఇంటికచ్చినంక అడిగిన, మల్లొక్కపారి అనవ్వా అని. పో పోరా అన్నది." కాసేపు పాస్ పుస్తకం మీద తన పేరు చూసుకున్నాడు. "ఎట్ల చెప్పింది మేడం?"

నాకు అన్నీ ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు. ఆలోచించి చెప్పాను.

"రెండుసార్లు చెప్పింది. మొదటిసారి చెప్పింది మీ తాత పేరు. రెండోసారి చెప్పింది నీ పేరు."

అతను తల ఊపాడు. అక్కడే నిలబడ్డాడు. అప్పుడు ఫ్యాన్ కింద నుంచి ముసలామె గొంతు హాలంతా వినిపించింది.

"పెద్దోడా! ఓ పెద్దోడా! బస్సు పోతది, రాకపోతివి!"

"అచ్చిన్నే అవ్వా" అన్నాడతను. పుస్తకం జేబులో పెట్టుకుని, చేతి వెనక భాగంతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.